నీలం చారల కప్పు

ఆల్డెన్ ప్రూయిట్ రక్తంలో ఆ వారం కూడా వైరస్ కనిపించలేదు. ఈ ఒక్క మాట కోసం డాక్టర్ పెర్లా అబుయేవా పదేళ్లకు పైగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది. తీరా విన్నాక ఎగిరి గంతెయ్యాల్సింది పోయి, ఊరెళ్తూ సగం దారిలో పొయ్యి కట్టేశానా లేదా అని అనుమానం వచ్చిన మనిషిలా నిలబడిపోయింది.

ఆమె చేస్తున్న పని ఇదీ. హెచ్.ఐ.వి. ఉన్నవాళ్లు ఇప్పుడు రోజుకో మాత్ర వేసుకుంటే చాలు, వైరస్ నోరు మూసుకుని ఒంట్లో ఓ మూల పడి ఉంటుంది. మాత్ర ఆపితే మాత్రం కొద్ది వారాల్లోనే లేచి ఇల్లంతా తిరుగుతుంది. పెర్లా బృందం ఒక కొత్త యాంటీబాడీ ఇంజెక్షన్ తయారుచేసింది. అది రెండుసార్లు ఇస్తారు. తర్వాత మాత్రలు ఆపేస్తారు. వైరస్ లేస్తుందా లేదా అని వారం వారం రక్తం తీసి చూస్తారు. లేస్తే ఆ పూటే మాత్రలు మళ్లీ మొదలు. లేవకపోతే ఏం చెయ్యాలో ఎవరూ గట్టిగా ఆలోచించి పెట్టుకోలేదు. ఎందుకంటే అంతవరకూ ఇంజెక్షన్ తీసుకున్న అందరికీ లేచింది, ఒక్క ఆల్డెన్‌కి తప్ప.

మాత్రలు ఆపే రోజున, ఏడు గదుల మాత్రల డబ్బా తెచ్చి నర్సు బల్ల మీద పెట్టి వెళ్లడం ఆ క్లినిక్‌లో ఎలాగో ఆచారమైపోయింది. కొందరు దానికి ముద్దు పెట్టి వదిలారు. ఒకాయన దాన్ని నానా మాటలూ తిట్టి మరీ వదిలాడు. ఆల్డెన్ మాత్రం ఇవ్వనన్నాడు. గదికో రంగు చొప్పున స్వీట్‌పీ పూల విత్తనాలు పోసుకుంటానన్నాడు. కాస్ట్రో వీధిలో ముప్పై ఏళ్లు పూల దుకాణం నడిపినవాడు. పెళ్లిళ్లకు కట్టిన పూలకన్నా, ఎయిడ్స్ రోజుల్లో శవపేటికల మీదికి కట్టినవే ఎక్కువని నవ్వుతూ చెబుతాడు. ఆ నవ్వు చూసి ఎదుటివాడు నవ్వాలో వద్దో తెలియక ఇబ్బంది పడతాడు.

"ఏం డాక్టరమ్మా, ఇవాళ కూడా నేను ఖాళీయేనా?" అన్నాడు గురువారం పొద్దున, చొక్కా చెయ్యి పైకి మడుస్తూ. మెడకి పసుపు చుక్కల బో టై ఉంది. రక్తం ఇవ్వడానికి వచ్చినా పేరంటానికి వచ్చినట్టే వస్తాడు.

"పోయిన వారానిది ఖాళీ. ఇవాళ్టిది ఇంకా తియ్యలేదుగా," అంది పెర్లా.

"ఖాళీ అంటే అద్దె ఇల్లు అన్నట్టుంది. నిర్మలం అను. డెన్వర్‌లో డాక్టర్ల సభలో నా పేరు చెప్తారా, నంబరు చెప్తారా?"

"నంబరే. పేర్లు చెప్పకూడదు."

"అయితే నంబరుకి ముందు 'అందగాడైన' అని ఒక ముక్క చేర్చు."

పక్క కుర్చీలో ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఎఫ్రెయిన్ జమూదియో నవ్వలేదు. ఆల్డెన్ భర్త ఆయన. బడి వంటశాలలో పనిచేసి రిటైరయ్యాడు. ఆల్డెన్‌కి పాతికేళ్లుగా వైరస్ ఉన్నా ఎఫ్రెయిన్‌కి లేదు. ఇప్పుడు మాత్రలు ఆపారు కాబట్టి, ఒకవేళ వైరస్ లేస్తే ఎఫ్రెయిన్‌కి అంటకుండా, ముందుజాగ్రత్త మాత్రలని వేరే సీసా ఒకటి నెలనెలా పెర్లాయే ఇస్తోంది. భాగస్వామికి ఆ మాత్ర ఇవ్వనిదే ఎవరి మందులూ ఆపకూడదని అక్కడ నియమం.

ఎఫ్రెయిన్ ఫ్లాస్కు మూత తీశాడు. మొక్కజొన్న పిండి, చాక్లెట్, దాల్చినచెక్క వేసి కాచిన చిక్కటి జావ. పొద్దున్నే అది పడకపోతే ఆల్డెన్ మనిషే కాడు. సంచిలోంచి నీలం చారల పింగాణీ కప్పు తీసి, అందులో పోసి, చెంచాతో చాలాసేపు కలిపి, ఆల్డెన్ చేతికిచ్చాడు. పెర్లాకి, నర్సుకి కాగితం కప్పులు.

"ఈమధ్య ఈయన జావ చేదెక్కింది," అన్నాడు ఆల్డెన్ ఒక గుక్క తాగి. "వయసు మీదపడి మనిషి చేదయ్యాడనుకుంటే ఇప్పుడు చెయ్యి కూడానా?"

"కొత్త రకం చాక్లెట్," అన్నాడు ఎఫ్రెయిన్. "నోర్మూసుకుని తాగు, ముసలాడా."

పెర్లా తన కప్పులోది తాగింది. తియ్యగానే ఉంది. పెద్దవాళ్ల నాలుక ఎలా మారిపోతుందో అనుకుని ఆ సంగతి అక్కడితో వదిలేసింది.

వెళ్లేముందు ఎఫ్రెయిన్ ప్రతిసారీ అడిగే ప్రశ్నే అడిగాడు. "మాత్రలు ఎప్పుడు మొదలెడతావు తల్లీ?"

"అవసరం వచ్చినప్పుడు."

"అవసరం వచ్చిందని ఎవరు చెప్తారు?"

"రక్తం చెప్తుంది."

"రక్తం ఆలస్యంగా చెప్తుంది," అన్నాడు ఎఫ్రెయిన్, ఫ్లాస్కు మూత బిగిస్తూ. "నేను చూశాను."

ఆ వారం రక్తంలో వైరస్ మళ్లీ లేదు. కానీ కిడ్నీల పరీక్ష కొంచెం తేడాగా వచ్చింది. కొంచెమే. పప్పులో ఉప్పు ఒక రవ్వ ఎక్కువైతే, అందరూ తినేస్తారు, వండినావిడ ఒక్కతే ఆగి ఆలోచిస్తుంది. పెర్లా ఆగింది. ఆల్డెన్ కిడ్నీలు ఎప్పుడో ఒకసారి మొరాయించాయి. అందుకే ఆయనకి ఏరికోరి కిడ్నీల జోలికి పోని మాత్రలు ఇచ్చేవారు. ఇప్పుడు ఆ మాత్రలు కూడా లేవు. ఒంట్లోకి పోయిన కొత్త వస్తువల్లా తన ఇంజెక్షన్ ఒక్కటే.

అంటే తన ఇంజెక్షన్ వైరస్‌ని పడుకోబెట్టి కిడ్నీలని లేపుతోందా? లేక వైరస్‌ని పడుకోబెట్టిందే ఇంకేదోనా? మొదటిది నిజమైతే మందు పనికిరాదు. రెండోది నిజమైతే పదేళ్ల పని పనికిరాదు. ఏది నిజం కాకూడదని కోరుకోవాలో కూడా ఆమెకి తేలలేదు.

ప్రొఫెసర్ విట్‌లాక్‌కి ఇలాంటి ఇబ్బందులు ఉండవు. ఆయన ఆ విభాగానికి పెద్ద. అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "డెన్వర్ సభకి మన పేరు ఇచ్చేశాను పెర్లా. మొదటి రోజు, పెద్ద హాల్లో," అన్నాడు.

"కిడ్నీల సంగతి తేలలేదు ప్రొఫెసర్ గారూ."

"అవి డెబ్బైకి దగ్గరపడ్డ కిడ్నీలు. నావీ అలాగే ఉన్నాయి. నన్నెవరూ అనుమానించడం లేదే?"

"మీకు వైరస్ లేదు కదా."

"ఆయనకీ లేదు కదా! అదే కదా మనం చెప్పబోయేది!"

జవాబు లేని ప్రతి మాటా నిజమైపోదని పెర్లాకి తెలుసు.

మెట్లు దిగి ల్యాబుకి వెళ్లింది. అక్కడ సర్కీసియన్ అనే పెద్దాయన ఉంటాడు. రక్తంలో ఏ మందు ఎంత ఉందో చూసే యంత్రం ఆయనది. యంత్రం ఆయనదో, ఆయన యంత్రానివాడో చెప్పడం కష్టం.

"ఆల్డెన్ రక్తంలో మందులేవీ లేవని మీరే కదా రాసిచ్చారు?" అంది పెర్లా.

"అలా రాయలేదు అమ్మాయ్. నువ్వు వెతకమన్న మందులు లేవని రాశాను."

"నేను వెతకమన్నవి ఆయన పాత మాత్రలు."

"ఆ. అవే వెతికాను. అవే లేవు."

పెర్లా స్టూలు మీద కూలబడింది. ఎవరైనా పరిశోధనలో మోసం చేస్తే అలవాటైన మాత్రలే దొంగచాటుగా వేసుకుంటారని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది. పోయిన తాళంచెవి కోసం ఒకే సొరుగు మళ్లీ మళ్లీ తీసి చూసినట్టు, అవే మాత్రల కోసం వారం వారం వెతికించింది. సొరుగు మాత్రం ఎంతో శుభ్రంగా ఉంది.

"ఈసారి అన్నీ వెతకండి," అంది. "బజార్లో ఉన్న ప్రతి హెచ్.ఐ.వి. మందూ."

"దొరికితే?"

"దొరక్కూడదు."

"యంత్రానికి అలా చెప్పడానికి మీట లేదమ్మాయ్."

శుక్రవారం మధ్యాహ్నం ఆయన ఫోను చేశాడు. మామూలుగా పలకరింపులు లేకుండానే మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం భోజనం అయిందా అని అడిగాడు. దాంతోనే ఆమెకి అర్థమైపోయింది.

"టెనోఫోవిర్," అన్నాడు. "దానికి తోడుండే రెండోది కూడా. ఫ్రీజర్లో దాచిన పాత రక్తాలు కూడా తీసి చూశాను. మొదటి వారం నుంచీ ఉంది. క్రమం తప్పకుండా వేసుకుంటున్న మనిషిలో ఉన్నట్టే ఉంది."

"ఆయన జన్మలో ఎప్పుడూ వేసుకోలేదు ఆ మందు. కిడ్నీలకి పడదని ఏ డాక్టరూ దాన్ని రాసివ్వలేదు."

"మరి కిడ్నీల మాట ఆయన కిడ్నీలే చెప్తున్నాయిగా."

ఆ ఇంట్లో ఆ మందున్న సీసా ఒక్కటే ఉంది. ఎఫ్రెయిన్ కోసమని పెర్లా తన చేత్తో ఇచ్చింది. అంటే ఆల్డెన్ తన భర్త సీసాలోంచి దొంగిలించి మింగుతున్నాడన్నమాట! పొద్దున్నే బో టై కట్టుకుని వచ్చి, నిర్మలం అను అని హాస్యాలాడుతూ! ఎందుకు? సభలో గొప్ప కోసమా? భయంతోనా? భయమైతే పరిశోధన మానేస్తానని ఒక్క మాట అంటే సరిపోయేదే. ఎవరూ కాళ్లూ చేతులూ కట్టి కూర్చోబెట్టలేదే.

ఆమెకి కోపం వచ్చింది, తర్వాత జాలేసింది, ఆ తర్వాత రెండూ కలిసి ఏదో ముద్దయిపోయాయి.

శనివారం వాళ్లింటికి వెళ్లింది. సముద్రానికి దగ్గర, పొగమంచు దిగని రోజుండని పేట. రెండు బ్లాకుల అవతల ఎండ కాస్తున్నా అక్కడ మాత్రం స్వెటరు కావాలి. పెరట్లో ఆల్డెన్ కట్టిన తీగ పందిళ్లు ఇంకా బోసిగా ఉన్నాయి. వంటింట్లోంచి దాల్చినచెక్క వాసన వస్తోంది.

"డాక్టరమ్మ ఇంటికొచ్చిందంటే రెండే కారణాలు," అన్నాడు ఆల్డెన్ తలుపు తీస్తూ. "నేను చావబోతున్నాను, లేదా ప్రపంచ ప్రఖ్యాతుణ్ణి కాబోతున్నాను."

"కూర్చోండి ఆల్డెన్."

"చావే అన్నమాట."

పెర్లా దారంతా నాలుగు రకాలుగా మాటలు కూర్చుకుంది. నోరు తెరిచేసరికి నాలుగూ కలిసి వచ్చాయి. "మీ రక్తంలో ఎఫ్రెయిన్ మాత్ర ఉంది. మీరు వేసుకుంటున్నారు. కోప్పడటానికి రాలేదు. అంటే, కోపంగానే ఉంది. ఎందుకో చెప్పండి చాలు."

ఆల్డెన్ ముఖంలో హాస్యం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. "నేను దొంగనంటున్నావా?"

"మీ రక్తం అంటోంది."

"నా రక్తం నా మీద చాడీలు చెప్తోందా? నాలో ఉన్న ఒకే ఒక్క గుణం, చెప్పిన మాట మీద నిలబడటం. అందం రెండోది. మాత్ర వేసుకోనని నీకు మాటిచ్చాను. వేసుకోలేదు." ఆయన గొంతు పెరిగింది. "ఎఫ్రెయిన్! ఇలా రా! నీ సీసాలోంచి నేను మాత్రలు దొంగిలిస్తున్నానట! లెక్కపెట్టి చూపించు ఈవిడకి!"

ఎఫ్రెయిన్ పళ్లెంలో మూడు కప్పులు పెట్టుకుని వచ్చాడు. బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడిపోయాడు.

"చెప్పు," అన్నాడు ఆల్డెన్.

"నువ్వు దొంగతనం చెయ్యలేదు," అన్నాడు ఎఫ్రెయిన్.

"విన్నావా?"

పెర్లా వింది. ఆల్డెన్ కళ్లలోకి చూసింది. అబద్ధం చెప్పేవాడి కళ్లు కావవి. అవి అబద్ధం చెప్పే కళ్లు కాకపోతే రక్తం సంగతేమిటి? సర్కీసియన్ యంత్రం తప్పా? సీసాలు తారుమారయ్యాయా? తన తలే తారుమారైందా? ఏం చెయ్యాలో తోచక, చేతులకి ఏదో పని కావాలన్నట్టు దగ్గరున్న కప్పు అందుకుని నోటి దాకా తెచ్చింది.

"ఆగు! అది కాదు!"

ఎఫ్రెయిన్ అంత వేగంగా కదలగలడని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చేత్తో ఒక్కటి కొట్టాడు. కప్పు ఎగిరి తివాచీ మీద పడింది. జావ సగం పెర్లా స్కర్టు మీద, సగం ఆల్డెన్ చెప్పుల మీద. కప్పు చెవి విరిగి బల్ల కిందికి దొర్లింది. నీలం చారల కప్పు.

పెర్లా వంగి కప్పు తీసింది. అడుగున, చాక్లెట్ మడ్డిలో, సరిగ్గా కరగని పిండి తెల్లగా అంటుకుని ఉంది.

"ఎఫ్రెయిన్," అన్నాడు ఆల్డెన్ చాలా మెల్లగా. "అందులో ఏముంది?"

"చాక్లెట్."

"ఇంకా?"

"దాల్చినచెక్క."

"ఇంకా?"

"మొక్కజొన్న పిండి. కొంచెం బెల్లం."

"ఎఫ్రెయిన్."

"నా మాత్ర," అన్నాడు ఎఫ్రెయిన్. అని, తడిగుడ్డ తేవడానికన్నట్టు వంటింటి వైపు తిరిగి, వెళ్లకుండా తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

పెర్లాకి మొదట తోచిన ప్రశ్న డాక్టరు అడగాల్సిందే. "మరి మీరేం వేసుకుంటున్నారు? మీకిచ్చింది మీకోసం కదా?"

"నాకెందుకు? ఆయనకి వైరస్ లేవకపోతే నాకెలా అంటుతుంది?"

పెర్లా ఆ తర్కంలో తప్పు కోసం వెతికింది. కనపడలేదు. ఈ మాటే ఆమె నగరమంతా తిరిగి సభల్లో చెబుతుంటుంది.

"నేను మా పాటల బృందం మొత్తానికి చెప్పుకున్నాను!" అని అరిచాడు ఆల్డెన్. "నాకు నయమైపోయిందని! ముందు వరస వాళ్లు ఏడ్చారు! వెనక వరస వాళ్లకి అసూయ కూడా వచ్చింది!"

"నయమైందని డాక్టరమ్మ అనలేదు. నువ్వే అనుకున్నావు."

"అనుకోనిచ్చావు! రోజూ పొద్దున నా ఎదురుగా కూర్చుని, చెంచాతో కలుపుతూ!"

"ఆ," అన్నాడు ఎఫ్రెయిన్. "రోజూ."

తర్వాత ఆయన చెప్పింది పెర్లాకి చెప్పాడో ఆల్డెన్‌కి చెప్పాడో తెలియదు. కళ్లు మాత్రం తివాచీ మీది మరక మీదే ఉన్నాయి.

"నీకు తెలుసు డెస్మండ్ సంగతి, నీకన్నా ముందు నాతో బతికినవాడు. సగమే తెలుసు. వాడు కూడా ఒక పరిశోధనలో ఉన్నాడు. అప్పట్లో మందంటూ ఏదీ నమ్మకంగా లేదు. ఒక తెల్ల మాత్ర. సగం మందికి నిజం మందు, సగం మందికి ఉత్త పిండి. ఎవరికేదో డాక్టర్లకీ తెలీదు. వాడికి మింగుడు పడేది కాదు. నేనే పొద్దున్నే జావలో కలిపి తాగించేవాణ్ణి. కక్కితే మళ్లీ కాచేవాణ్ణి. వాడు పోయిన తర్వాత ఒకాయన వచ్చి చెప్పాడు, చాలా మర్యాదగా. పిండి అని." ఎఫ్రెయిన్ ముక్కు తుడుచుకున్నాడు. "నా చేత్తో పిండి పెట్టాను తల్లీ. మందనుకుని. నువ్వొచ్చి ఈయన మాత్రలు ఆపేస్తానన్నావు. చదువుకున్నదానివి, మంచిదానివి. వాళ్లూ మంచివాళ్లే."

"అందుకని?" అన్నాడు ఆల్డెన్.

"అందుకని ఈసారి మందు పెట్టి ఏమీ లేదన్నాను. అప్పటికీ ఇప్పటికీ సరిపోయింది."

"సరిపోలేదు. నేను డెస్మండ్‌ని కాదు."

ఆల్డెన్ చాక్లెట్ చెప్పులతోనే పెరట్లోకి వెళ్లిపోయాడు. గడప మీదా, మెట్ల మీదా గోధుమరంగు అడుగులు పడ్డాయి.

పెర్లా చెప్పాల్సినవన్నీ చెప్పింది. ఆ మాత్ర ఆల్డెన్ కిడ్నీలకి చెడు చేస్తుందని. రెండు మందుల మాత్ర ఒక్కటే వేస్తే వైరస్ పూర్తిగా చావక, మొండికెత్తి, రేపు ఏ మందుకీ లొంగకుండా పోయే ప్రమాదం ఉందని. ఎఫ్రెయిన్ ముఖంలో రంగు పోయింది. కిడ్నీలని అంత గౌరవించే మనిషి. ఆల్డెన్ జావలో ఉప్పు చిటికెడు కూడా వెయ్యడు.

"నేను చంపబోయానా తల్లీ?"

"లేదు. సకాలంలో తెలిసింది."

"అంటే బతికించానా?"

"తెలియదు," అంది పెర్లా. "నిజంగా తెలియదు ఎఫ్రెయిన్. వైరస్ లేవకపోవడానికి నా ఇంజెక్షన్ కారణమో, మీ చెంచా కారణమో, ఇప్పుడు ఎవరూ చెప్పలేరు."

సోమవారం ప్రొఫెసర్ విట్‌లాక్ అంతా విని అద్దాలు నుదుటి మీంచి కిందికి దించుకున్నాడు. ఆయన అలా చేయడం అరుదు. "చాక్లెట్‌లోనా?" అన్నాడు. కాసేపాగి, "చేదు తెలియలేదా?" అన్నాడు. ఇంకాసేపాగి డెన్వర్‌కి ఫోను చేసి పేరు వెనక్కి తీసుకున్నాడు. కోప్పడితే పెర్లాకి తేలిగ్గా ఉండేది. ఆయన కోప్పడలేదు. మధ్యాహ్నం మాత్రం తలుపు సందులోంచి తల పెట్టి, "జొన్న పిండా, మొక్కజొన్న పిండా?" అని అడిగి వెళ్లాడు.

ఆల్డెన్ పాత మాత్రలు వెంటనే మొదలుపెట్టాలని పెర్లా అనుకుంది. ఎఫ్రెయిన్ అయితే ఆ మాత్రల సీసా చేత్తో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆల్డెన్ మాత్రం ససేమిరా అన్నాడు.

"ఇన్నాళ్లూ ఆపాననుకుని ఆపలేదు. ఇప్పుడు నిజంగా ఆపి చూస్తాను. నా ఒంట్లో ఏముందో నాకు తెలియాలి. ఇంకొకరి చెంచా సంగతి కాదు, నా సంగతి."

భద్రత చూసే కమిటీ వాళ్లు రెండుసార్లు కూర్చుని, కిడ్నీలు తేరుకున్నాయని చూసి, వారానికి రెండుసార్లు రక్తం తీసే షరతు మీద ఒప్పుకున్నారు. ఎఫ్రెయిన్‌కి కొత్త సీసా ఇచ్చి, రోజూ నర్సుకి వీడియోలో కనిపిస్తూ మింగాలన్నారు. ఆయన మింగి, నాలుక చాపి మరీ చూపించేవాడు, పంతం పట్టిన చిన్నపిల్లాడిలా.

ఆ ఇంట్లో వంటిల్లు చేతులు మారింది. ఆల్డెన్ తన జావ తనే కాచుకుంటానన్నాడు. జన్మలో పొయ్యి వెలిగించని మనిషి. మొదటి రోజు గిన్నె మాడింది. రెండో రోజు గడ్డలు కట్టింది. ఎఫ్రెయిన్ గుమ్మంలో నిలబడి, "కలుపు, కలుపు, ఆపకుండా కలుపు," అని చెప్పడమే తప్ప లోపల అడుగు పెట్టలేదు. మాటలు అంతవరకే. మంచం మీద మధ్యలో ఒక దిండు వచ్చింది. ఇవన్నీ పెర్లాకి ఆల్డెనే చెప్పాడు, రక్తం ఇస్తూ, ఎవరివో సంగతులు చెబుతున్నట్టు. బో టై లేదు.

పెర్లా పరిస్థితి ఏం బాగా లేదు. ఫలితం వచ్చే ప్రతిసారీ వైరస్ లేవకూడదని మనసులో కోరుకునేది. అంతలో గుమ్మంలో నిలబడ్డ ఎఫ్రెయిన్ గుర్తొచ్చి, లేస్తే బావుండు, మాత్రలు మొదలుపెట్టెయ్యొచ్చు అనుకునేది. ఒకే తలలో రెండు కోరికలు ఊగుడుబల్లకి అటూ ఇటూ కూర్చుని ఊగుతున్నాయి. ఒక వారం లేదు. ఆ తర్వాతి వారమూ లేదు. మందు ఒంట్లోంచి పూర్తిగా కొట్టుకుపోయిందని సర్కీసియన్ యంత్రం చెప్పింది. అయినా లేదు. మిగతావాళ్లందరికీ లేచేసిన సమయం దాటిపోయింది. పెర్లాకి రాత్రిళ్లు నిద్ర పట్టడం మానేసింది. ఎందుకో ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ ఆశ పోతుందేమోనని.

తర్వాత వైరస్ లేచింది.

కొద్దిగానే లేచింది. దొంగచూపులు చూస్తున్నట్టు, యంత్రం కనిపెట్టగలిగే గీతకి కాస్త పైన. రెండోసారి తీసినా ఉంది.

ఈ సంగతి ఫోనులో చెప్పకూడదనుకుని పెర్లా మళ్లీ ఆ ఇంటికే వెళ్లింది. ఆ రోజు పొగమంచు పేటంతా పరుచుకుని, ఎదురింటి తలుపు కూడా కనబడటం లేదు. ఇద్దరూ ముందుగదిలో చెరో కొసన కూర్చుని ఉన్నారు. ఆమె ముఖం చూసి ఆల్డెన్ అడగనే లేదు.

"వచ్చింది," అంది పెర్లా.

"అమ్మయ్య!" అన్నాడు ఎఫ్రెయిన్.

అని, నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆ మాట గది మధ్యలో నిలబడి ఉంది. వైరస్ వచ్చిందని తెలిసి అమ్మయ్య అన్న మనిషి ఈ నగరంలో ఇంతకుముందు ఉండి ఉండడు. ఆల్డెన్ అతనివైపు చాలాసేపు చూశాడు. ఏడుస్తాడేమో అనుకుంది పెర్లా. ముందు నవ్వాడు. తర్వాత ఏడ్చాడు. మధ్యలో ఎక్కడ మారిందో చెప్పడం కష్టం.

"ప్రపంచంలో నీకన్నా నీచుణ్ణి ఎవరూ పెళ్లి చేసుకుని ఉండరు," అన్నాడు ముక్కు చీదుతూ.

"ఏడవకు. కిడ్నీలకి మంచిది కాదు," అన్నాడు ఎఫ్రెయిన్.

"ఏడిస్తే కిడ్నీలకేం అవుతుందిరా మూర్ఖుడా!"

ఎఫ్రెయిన్ లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు. ఆల్డెన్ జరగలేదు. జరగకపోవడమే అక్కడ రాజీ అని పెర్లాకి అర్థమైంది. కిటికీలోంచి కనబడని వీధిని శ్రద్ధగా చూసింది.

"ఇంతకీ డాక్టరమ్మా," అన్నాడు ఆల్డెన్ కాసేపటికి. "నీ ఇంజెక్షన్ పనిచేసిందా, చెయ్యలేదా?"

"ఆలస్యంగా లేచింది. కొంచెమే లేచింది. ఇంజెక్షన్ వల్ల కావచ్చు. ఎఫ్రెయిన్ మాత్రలు ముందు నెలల్లో వైరస్‌ని నీరసపెట్టడం వల్ల కావచ్చు. మీ ఒంటి తీరే అంత కావచ్చు."

"అంటే?"

"అంటే తెలియదు. మీ ఒక్కరితో ఎప్పటికీ తెలియదు. మళ్లీ మొదట్నుంచి, కొత్తవాళ్లతో చూడాలి."

"అప్పుడు వాళ్లిళ్లల్లో వంట ఎవరు చేస్తారో ముందు అడుగు," అన్నాడు ఆల్డెన్.

పెర్లా నవ్వబోయి ఆగింది. అది అడగాల్సిన ప్రశ్నే.

ఆల్డెన్ లోపలికి వెళ్లి ఏడు గదుల డబ్బా తెచ్చాడు. ఒక్కో గదీ తెరిచి స్వీట్‌పీ విత్తనాలు పెర్లా అరచేతిలోకి ఒంపాడు. ఎరుపు ఏది, ఊదా ఏది అని విడిగా దాచుకున్నవన్నీ ఒకే గుప్పిట్లో కలిసిపోయాయి. "గదులు కావాలి. అద్దెకొచ్చేవాడు వచ్చాడు," అన్నాడు. ఆ డబ్బాలో కొత్త మాత్రలు ఎఫ్రెయిన్ నింపబోయాడు. ఆల్డెన్ అతని చేతిమీద ఒక్కటేసి తనే నింపుకున్నాడు. ఎఫ్రెయిన్ పక్కనే కూర్చుని, ఒక్కోటి పడినప్పుడల్లా తల ఊపాడు.

తర్వాత వంటింట్లోకి వెళ్లడానికి అతనికి అనుమతి దొరికింది. మూడు కప్పులతో తిరిగొచ్చాడు. ఒకదానికి చెవి లేదు. విరిగిన చోట గరుకు తగలకుండా నూలు గుడ్డ చుట్టి ఉంది. ఎఫ్రెయిన్ పళ్లెం బల్ల మీద పెట్టి, ఎవరూ అడక్కుండానే పెర్లా కప్పులో ఒక గుక్క తాగాడు. తన కప్పులో ఒక గుక్క తాగాడు. చివరికి నీలం చారల కప్పు ఎత్తి, అందరికీ కనబడేలా పెద్ద గుక్క తాగి, పెదవులు తుడుచుకుని, ఆల్డెన్ ముందు పెట్టాడు.

ఆల్డెన్ రెండు చేతులతో పట్టుకుని తాగాడు. నాలుక చప్పరించాడు. ముఖం చిట్లించాడు.

"ఏం?" అన్నాడు ఎఫ్రెయిన్ కంగారుగా.

"చప్పగా ఉంది," అన్నాడు ఆల్డెన్.

పెర్లా ఒక చేత్తో కప్పు పట్టుకుంది. రెండో చేతిలో విత్తనాలు అలాగే ఉన్నాయి. ఏది ఏ రంగో ఆమెకి తెలియదు. నాటితే తప్ప తెలిసేలా లేదు.